నత్తగుల్లలు

పొరిరువాలో గాలికి సెలవుండదు.
జలసంధి మీంచి లేచి వచ్చి
షెడ్డు రేకుల్ని పొద్దస్తమానం వాయిస్తూనే ఉంటుంది.
ఆ రేకుల కింద ఫలానికో,
మోచేతుల దాకా నల్లనూనె,
బెంచీ మీద రెండు టర్బోలు పెట్టుకుని కూర్చున్నాడు.
అచ్చం నత్తగుల్లలు.

ఒక నోటితో పొగ తాగుతాయి
ఇంకో నోటితో గాలి మింగుతాయి.
నిమిషానికి లక్ష చుట్లు తిరిగేదాన్ని
ఏ మహానుభావుడు
నత్త ఆకారంలో పోతపోశాడో!

రాతలో చూస్తే
నత్తకీ నత్తికీ ఒక్క గుడి తేడా.
ఫలానికోకి చిన్నప్పట్నుంచీ నత్తి.
మాట గొంతులోనే ఆగి, ఒత్తిడి పెంచుకుని,
పెదవి దగ్గర తన్నుకుని
అప్పుడొస్తుంది, ఒక్కుమ్మడిగా.
ఈలోగా
పాస్టరు దగ్గర్నుంచి స్పేరుపార్టుల కొట్టువాడి దాకా
అందరూ వాడి వాక్యాన్ని వాడికంటే ముందే ముగించేస్తారు.
నేనూ అంతే.
తప్పు ముగింపుకే తలూపి
అక్కర్లేని వాషర్లు కొనుక్కొచ్చిన రోజులున్నాయి వాడికి.

మెరె పారాటా కారు తెచ్చింది మంగళవారం.
నిస్సాన్ స్కైలైన్, ఆర్ ముప్పైరెండు,
ఆరు సిలిండర్లు ఒకే వరసన.
రాత్రంతా ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసి
ఆ కళ్లతోనే వచ్చింది.
"ఈ రెండూ పీకేసి ఒకటే పెద్దది పెట్టు.
మా తమ్ముడి కారు కంటే ఎక్కువ గుర్రాలు కావాలి."

వాడు నోరు తెరిచాడు.
"ప్... ప్... పె..."
రేకులు మోగాయి.
కెటిల్ మరిగి, టక్కున ఆగింది.
ఆమె వాచీ చూసుకోలేదు.
వాడి నోట్లో చెయ్యిపెట్టి మాట లాగలేదు.

"పెద్దది పెడితే
నువ్వు తొక్కాక అది ఆలోచిస్తుంది.
మలుపు దాటిపోయాక
ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, అని మొదలెడుతుంది.
అప్పటికి ఎవడిక్కావాలి?"

అని,
తన మాట తనకే వినబడ్డట్టు ఆగిపోయాడు.
మెరె నవ్వలేదు.
"సరే, చిన్నవే" అంది.

పాతవి దించడానికి రెండు రోజులు పట్టింది.
టార్చి పట్టుకున్నవాణ్ణి నేను.
తుప్పుపట్టిన బోల్టొకటి సగానికి విరిగి
మానిఫోల్డులో మొండెం మిగిలింది.
వాడు సమోవా భాషలో ఒక తిట్టు తిట్టాడు.
తిట్టుకి మాత్రం నత్తి లేదు.

విప్పి చూస్తే లోపల పింగాణీ చక్రం,
అంచున చిన్న పెచ్చు లేచింది.
ఇంకాస్త ఒత్తిడి పెంచుంటే
టీకప్పు పగిలినట్టే.
తేలిగ్గా ఉంటుందని వేశారట కంపెనీవాళ్లు.
తేలికైంది తొందరగా తిరుగుతుంది,
తట్టుకోవడం ఇంకో విద్య.

కొత్తవాటికి ఉక్కు రెక్కలు,
బేరింగు గోళీల మీద ఇరుసు.
ఊదితే కదిలాయి.
నిప్పుకంటే ముందు నూనె ఇవ్వాలని
స్పార్కు కనెక్టరు ఊడబెరికి
ఇంజన్ని ఉత్తినే తిప్పాడు, తిప్పాడు,
ప్రెషరు సూది కదిలేదాకా.
గొంతు తడపకుండా ఎవర్నీ మాట్లాడించకూడదు.

ఆదివారం, పయెకాకరికి కొండ దారి.
సన్నం. తడి.
మెరె నడుపుతోంది, వాడు పక్కన,
వెనక సీట్లో నా మోకాళ్లు గడ్డానికి తగులుతూ.
మూడో గేరు, మలుపు నడిమధ్య,
ఆమె పాదం ఇంకా పూర్తిగా దిగనేలేదు
కారు అందుకుంది.
సన్నగా ఈల,
ఆ వెంటనే వీపు మీద అరచెయ్యి వేసి తోసినట్టు.
గొడ్డలంటి ఎదురుగాలి కూడా
ఒక్క క్షణం పక్కకి తప్పుకుంది.

పైన ఆపాం.
కింద సముద్రం, మబ్బులో సగం మునిగిన కపిటి దీవి.
ఎన్ని గుర్రాలని అడుగుతుందనుకున్నాను.
అడగలేదు. తాళం వైపు చెయ్యి చాపింది.

"ఆ... ఆ... ఆ..."
వాడు అరచెయ్యి అడ్డం పెట్టాడు.
ఎర్రగా కాలిన గుల్లలవి,
నూనె ఆడుతూ చల్లారాలి, రెండు నిమిషాలు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది,
ఇంజను కోసమో
వాక్యం కోసమో.

నేను
నోటి దాకా వచ్చిన 'ఆర్పకు'ని
నాలిక కింద దాచుకుని కూర్చున్నాను.